రేటింగులు లేకుంటే ప్రకటనలు రావా?

ప్రశ్న: మా స్వచ్ఛంద సంస్థ తరఫున కమ్యూనిటీ రేడియో పెట్టాలనుకుంటున్నాం. రేటింగులు లేని స్టేషన్‌కు ప్రకటనలు ఎవరిస్తారు?
– ఒక పాఠకుడు, బల్మూర్, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: రేటింగులు లేవని వెనకడుగు వేయకండి. ‘ర్యామ్’ అనే రేడియో శ్రోతల లెక్కింపు ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, బెంగళూరుల్లోనే జరిగింది. హైదరాబాద్‌కే అందులో చోటు దక్కలేదు. పెద్ద కంపెనీల ఏజెన్సీలు అంకెలు చూసి డబ్బు పెడతాయి కాబట్టి, వాళ్లను నమ్ముకుని బడ్జెట్ వేయవద్దు.

కమ్యూనిటీ రేడియో పది, పదిహేను కిలోమీటర్ల వరకే వినిపిస్తుంది. మీ దగ్గర్లోని అచ్చంపేటలో విత్తనాల దుకాణదారుకు కావాల్సింది ఆ ఊళ్ల రైతులే. శ్రోతల నుంచి వచ్చే ఫోన్లను ఊరివారీగా రిజిస్టరులో రాయండి. ఏడాదికి రెండుసార్లు ఇంటింటి సర్వే చేయండి. ‘రేడియోలో విన్నాం’ అన్నవారికి దుకాణంలో చిన్న తగ్గింపు ఇప్పించి, ఎందరొచ్చారో లెక్కపెట్టండి. వ్యాపారికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

కమ్యూనిటీ రేడియోలో గంటకు 12 నిమిషాల ప్రకటనలకు 2024లో అనుమతి వచ్చింది. ప్రభుత్వ ప్రకటనకు పది సెకన్లకు 74 రూపాయల ధర కూడా అప్పుడే ఖరారైంది.

ప్రకటనల కోసం సినిమా పాటలతో నింపేయకండి. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 నుంచి దళిత మహిళలు నడిపిన సంఘం రేడియో విత్తనాలు, ఆరోగ్యం, తమ పాటలతోనే పేరు తెచ్చుకుంది. మీ ఊరి గొంతే మీ పెట్టుబడి.