ఎనిమిది నెలల ‘ట్రైనింగ్’

ప్రశ్న: హైదరాబాద్‌లో డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. సాయంత్రం అయిదు నుంచి పది దాకా బట్టల షాపులో పని. చేరి ఎనిమిది నెలలైంది. కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ శిబిరానికి వారం సెలవడిగితే ‘అయితే మానెయ్’ అన్నారు. 18 రోజుల జీతం రావాలి. అడిగితే ‘నీది ట్రైనింగే కదా, పైగా చీర మీద మరక చేశావ్’ అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: చీరలు మడతపెట్టి చూపించడానికి ఎనిమిది నెలల ట్రైనింగా! 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్, 2019 ‘ఉద్యోగి’ నిర్వచనంలోంచి మినహాయించింది అప్రెంటిస్ చట్టం, 1961 కింద తీసుకున్నవారిని. మీతో అలాంటి ఒప్పందమేదీ లేకపోతే మీరు ఉద్యోగే. పనిచేసేది ఒక్క పూటే అయినా సరే.

వాళ్లు తీసేసినా, మీరే మానేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో చేతికందాలి. మరక సంగతికొస్తే, నోటిమాటగా కోత పెట్టడం కుదరదు. ఆ చీర మీకు అప్పగించిందై ఉండాలి, మీ నిర్లక్ష్యం వల్లే పాడై ఉండాలి, మీ సంజాయిషీ వినాలి. అప్పుడు కూడా కోత నష్టానికి మించకూడదు. అన్ని కోతలూ కలిపినా జీతంలో సగం దాటకూడదు.

ఆరు నెలలు నిండిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తీసేయాలంటే నెల ముందు నోటీసైనా, బదులుగా నెల జీతమైనా ఇవ్వాలని తెలంగాణ షాపుల చట్టం చెబుతుంది. పార్ట్‌టైమ్ వాళ్లకి అది వర్తించదని యజమాని అడ్డం తిరగొచ్చు. అయినా లేబర్ ఆఫీసర్‌కి ఇచ్చే అర్జీలో ఆ మాటా రాయండి.

ఇక శిబిరం. ఇక్కడ మీకు నచ్చని మాటే చెప్పాలి. ఎన్‌ఎస్‌ఎస్ పేరుతో విడిగా సెలవు హక్కంటూ లేదు, మీకున్న మామూలు సెలవుల్లోంచే అడగాలి. అలాగని శిబిరం వదులుకోకండి. రెండేళ్లలో 240 గంటల సేవతో పాటు ఏడు రోజుల ప్రత్యేక శిబిరమూ పూర్తయితేనే సర్టిఫికెట్ చేతికొస్తుంది. కాలేజీ హాజరు దగ్గర మాత్రం జాగ్రత్త. చాలా యూనివర్సిటీలు 75 శాతం అడుగుతాయి. తగ్గితే అనారోగ్యం చూపి కండొనేషన్ అడగొచ్చు గానీ, రాత్రి పది దాకా షాపులో ఉన్నానంటే ఎవరూ వినరు.

మళ్లీ జీతం దగ్గరికొస్తే, ఇచ్చేశామని యజమాని అంటే, ఇచ్చినట్టు రుజువు చేసుకోవాల్సిన బాధ్యత ఆయనదే. మీరు అక్కడ పనిచేశారని చూపించుకోవాల్సింది మాత్రం మీరే. షిఫ్టు మెసేజ్‌లు, ఫోన్‌పేలో పడిన పాత జీతాలు, యూనిఫాంలో దిగిన ఫొటో, అన్నీ పనికొస్తాయి. వాట్సాప్ గ్రూపులోంచి మిమ్మల్ని తీసేసే లోపే స్క్రీన్‌షాట్లు తీసుకోండి. నా దగ్గరికొచ్చే కేసుల్లో సగం నీరుగారేది ఇక్కడే.

తెల్లకాగితం మీద తేదీలు, గంటలు, రావాల్సిన మొత్తం రాసి ఆ ప్రాంతపు అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌కి ఇచ్చి, నకలు మీద రసీదు ముద్ర వేయించుకోండి. క్లెయిమ్‌కి మూడేళ్ల గడువుంది. జీతంతో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం ఇప్పించే అధికారం కూడా కోడ్‌లో ఉంది. ఉచిత న్యాయ సహాయానికి 15100కి ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేదు.

చేరేటప్పుడు టెన్త్ మెమో ఒరిజినల్ షాపులో ఇచ్చి ఉంటే, దాన్నీ తిరిగిప్పించమని అదే అర్జీలో రాయండి.