బిడ్డకు బడిని ఎన్నుకొనుట

బిడ్డకు పేరు పెట్టునాడు ఇంటి పెద్దలను నలుగురిని అడుగుదురు. బడిలో వేయునాడు ఊరివారినందరిని అడుగుదురు. అడిగినకొలది కలత హెచ్చునేకాని తగ్గదు. ఒకరు చెప్పిన బడిని మరియొకరు కాదందురు. కడకు ఎక్కువమంది దేనికొఱకు ఎగబడుచున్నారో అదియే మంచి బడియని నిశ్చయించుకొనుట లోకములో పరిపాటియైనది. సంతలో బేరము చేయుటకు ఈ పద్ధతి చాలునేమో గాని, బిడ్డ విషయమున చాలదు.

పశ్చిమ ఢిల్లీలోని జనక్‌పురిలో ఈ కలత శీతకాలమున ముదురును. నర్సరీ దరఖాస్తుల కాలమది. ఆ పేటలో కాపురమున్న తెలుగు కుటుంబములలో శ్రీకాకుళమునుండియో, గుంటూరునుండియో, కరీంనగరమునుండియో ఉద్యోగరీత్యా వచ్చినవారు కలరు. వీధిలో హిందీ, పంజాబీ, బడిలో ఇంగ్లీషు, హిందీ, ఇంటిలో తెలుగు. మూడేండ్ల బిడ్డ ఈ భాషలన్నింటి నడుమ నిలుచున్నది. కావున అచటి తల్లిదండ్రులకు బడిని ఎన్నుకొనుట యనగా బిడ్డ నాలుకను, మనసును దేనికి అలవరచవలెనో నిర్ణయించుట కూడనగును. పేటకు జనకుని పేరు. మన భాషలో జనకుడనగా తండ్రి; విదేహరాజైన జనకుడు సంసారమందుండియే జ్ఞానియైనవాడు. సంసారులకు వచ్చిన ఈ చిక్కును గూర్చి విచారించుటకు ఆ పేట తగియున్నది.

ప్రవేశపు పద్ధతి పూర్వమున్నట్లు నేడు లేదు. ఒకప్పుడు పసిబిడ్డను, తల్లిదండ్రులను కూర్చుండబెట్టి ప్రశ్నలు వేయువారు. ఢిల్లీ హైకోర్టు కలుగజేసికొనగా, 2006లో అశోక్ గంగూలీ అధ్యక్షతన ఒక సంఘము ఏర్పడి, ఆ ఇంటర్వ్యూలకు బదులు పాయింట్ల పద్ధతిని సూచించినది. 2013 డిసెంబరులో వెలువడిన ఉత్తరువుల ప్రకారము 100 పాయింట్లలో 70 పొరుగున నివసించువారికి కేటాయింపబడినవి. పరరాష్ట్రమునుండి బదిలీయై వచ్చినవారికి 5 పాయింట్లుండెడివి గాని, కొలది నెలలలోనే అవి తీసివేయబడినవి. 2014 నవంబరులో హైకోర్టు ఆ ఉత్తరువులనే కొట్టివేసినది. అయినను నేటికిని చాల పాఠశాలలు ఇంటికిని బడికిని గల దూరమునకే పెద్దపీట వేయుచున్నవి.

ఈ దూరపు లెక్కను నిందించువారు పెక్కురు. దూరముననున్న పేరుగన్న బడి తమ బిడ్డకు దక్కకపోయెనని వారి బాధ. కాని ఆ లెక్కలో బిడ్డకు మేలే కలదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 1 నుండి 5వ తరగతి వరకు ఏడాదికి 200 పనిదినములు, 800 బోధనా గంటలు ఉండవలెనని విధించినది. బస్సులో పోవుటకు ఒక గంట, వచ్చుటకు ఒక గంట పట్టు బడిలో బిడ్డను చేర్చినచో ఏడాదికి 400 గంటలు బస్సులో గడచును. అనగా బోధన పొందిన కాలములో సగము! డిసెంబరు పొగమంచులో, చీకటి విడకముందే, కన్నులు తెరువని బిడ్డకు బూట్లు తొడిగి బస్సెక్కించు తల్లికి ఈ లెక్కను వేఱుగ చెప్పనక్కరలేదు. ఆ 400 గంటలు ఇంటివి. తాత చెంత కూర్చుండవలసినవి, ఆడుకొనవలసినవి, ఏమియు చేయక ఊరకుండవలసినవి.

ఇచట ఒక పూర్వవృత్తాంతము స్మరణీయము. రాజమహేంద్రవరమున 1909లో జన్మించిన దుర్గాబాయి చిన్ననాడే ఇంగ్లీషు మాధ్యమమును తమపై రుద్దుటకు నిరసనగా బడి మానివేసెను. అంతటితో ఊరకుండక, బాలికలకు హిందీ నేర్పుటకు తానే ఒక పాఠశాల నెలకొల్పెను. తరువాత పెద్దదైన పిమ్మట పట్టుదలతో చదివి, 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టము పొందెను. రాజ్యాంగ సభ సభ్యురాలుగా ఢిల్లీలో నున్నప్పుడు, అచట స్థిరపడిన తెలుగువారి బిడ్డలకు చదువు ఎట్లని విచారించి, 1948లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించెను. దీనదయాళ్ ఉపాధ్యాయ మార్గమున, ప్రసాద్ నగరులో, జనక్‌పురిలో నేడున్న ఆ సంస్థ పాఠశాలలకు మూలమదియే. హిందీని ప్రేమించి నేర్పిన వ్యక్తియే, హిందీ రాజధానిలో తెలుగు బిడ్డకు తెలుగు దక్కవలెనని తలచుట గమనింపదగినది. ఒక భాషను ఆదరించుటకు మరియొకదానిని త్రోసిపుచ్చనక్కరలేదని ఆమె జీవితములో కనబడుచున్నది. దేశముకూడ ఈ విషయమును మరువలేదు. 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషీయుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించు సౌకర్యములు కల్పింప ప్రయత్నింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది.

ఇట్లనుటచే జనక్‌పురిలోని ప్రతి తెలుగు బిడ్డయు ఆ సొసైటీ బడిలోనే చేరవలెనని కాదు. మూడేండ్లకొకమారు బదిలీయగు కేంద్ర ఉద్యోగికి కేంద్రీయ విద్యాలయము మేలు కావచ్చును. ఊరు మారినను పాఠ్యక్రమము మారదు. జనక్‌పురిలో అదియు కలదు. ఒక బిడ్డకు వినికిడి తక్కువ. ఒక బిడ్డ మెల్లగా నేర్చును. అట్టివారి సంగతి వేఱు. తల్లిదండ్రులు మొదట వేసికొనవలసిన ప్రశ్న, “ఈ బడి ఎంత గొప్పది?” అనునది కాదు, “మా ఇల్లు బిడ్డకు ఏమి ఇయ్యజాలదు? ఇయ్యగలదానిని ఈ బడి మిగుల్చునా?” అనునదియే. సమవయస్కుల సాంగత్యము, అక్షరములు, గణితము, ఆటస్థలము ఇల్లు ఇయ్యజాలదు. వానిని బడి ఇయ్యవలెను. భాష, భయభక్తులు, కథలు, పెద్దలయెడ మెలగు తీరు ఇల్లు ఇయ్యగలదు. వానికి తీరిక లేకుండ చేయు బడి ఎంత పేరుగన్నదైనను ఆ బిడ్డకు తగినది కాదు.

బడిని చూచుటకు పోవువారు ప్రవేశద్వారమును, కంప్యూటరు గదిని చూచి మరలిరాదగదు. వదలిపెట్టు వేళకు పోయి గేటుకడ నిలువవలెను. పసివారు ఎట్టి ముఖములతో బయటికి వచ్చుచున్నారో, ఆయాలు వారి చేయి పట్టుకొను తీరు ఎట్టిదో అపుడు తెలియును. త్రాగునీరు, మరుగుదొడ్డి చూడవలెను. ఉపాధ్యాయులు తరచు మారుచున్నారా అని అడుగవలెను. ప్రవేశ తరగతిలో నాలుగింట ఒక వంతు బీద, బలహీన వర్గముల బిడ్డలకని చట్టము విధించినదికదా, ఆ బిడ్డలు తక్కినవారితో కలిసి కూర్చుండుచున్నారా, లేక ఒక మూలనున్నారా అనునది కూడ చూడదగినదే. “వారితో మా వాడా?” యని ముఖము ముడుచువారు కొందరున్నారు. సాందీపని ఆశ్రమమున శ్రీకృష్ణునితో కలిసి చదివిన కుచేలుని కథను ఇంటిలో చెప్పుచు, బడిలో ఆ మాటనుట ఎట్లు పొసగును?

ఇంత శ్రమపడి ఎన్నుకొన్న బడియు అన్నిటిని నేర్పదు. ఛాందోగ్యోపనిషత్తులోని శ్వేతకేతువు పండ్రెండవ ఏట గురుకులమునకు పోయి, ఇరువది నాలుగవ ఏట వేదములన్నియు నేర్చి, గర్వముతో ఇల్లు చేరెను. తండ్రి ఉద్దాలకుడు ఒక్క ప్రశ్న వేసెను: దేనిని తెలిసికొనినచో తెలియనిదెల్ల తెలియునో దానిని అడిగితివా? కొడుకు ఎఱుగడు, గురువులకు తెలియకుండునేమో, తెలిసినచో చెప్పియుందురుకదా అనెను. ఉద్దాలకుడు ఆ గురువులను నిందింపలేదు. కొడుకును వేఱొక గురుకులమునకును పంపలేదు. ఉప్పును తెప్పించి, నీటిలో వేయించి, మఱునాడు ఆ నీటిని రుచి చూపించి, ఇంటనే బోధించెను. ఆ పాఠమునకు కావలసినవి ఉప్పు, నీరు, తండ్రికి కొంత తీరిక.

తెలుగు లేని బడిలో బిడ్డను వేయక తప్పనిసరియైన జనక్‌పురి ఇంటివారును ఈ త్రోవ త్రొక్కవచ్చును. రాత్రి భోజనమునకు ముందు ఒక అరగంట చాలును. ఆ అరగంటలో టెలివిజను, సెల్‌ఫోను మూయవలెను; తల్లియో, తండ్రియో, ఊరినుండి వచ్చియున్న అమ్మమ్మయో ప్రక్కన కూర్చుండవలెను. నెలకొక జాబు తాతకు బిడ్డచేత తెలుగులో వ్రాయింపవలెను. మొదట రెండు పంక్తులే యైనను తప్పులు దిద్దక పంపవచ్చును. పలక, బలపము ఆ పేట బజారులోనే దొరకును. పెద్దబాలశిక్షను మాత్రము సంక్రాంతికి ఊరు పోయినవారు మరచిపోక పెట్టెలో పెట్టుకొని రావలెను.