పన్ను ఎవరు కట్టాలి? ఖర్చు ఎక్కడ పెట్టాలి?

మిత్రులారా! బాగా డబ్బున్నవాళ్ళ మీద ఎక్కువ పన్ను వేయాలా, వద్దా అని దేశదేశాల్లో వాదన నడుస్తోంది. మనకెందుకులే అనుకోవద్దు. మన హాస్టల్లో బియ్యం, దుప్పట్లు, పుస్తకాలు అన్నీ ప్రభుత్వ ఖర్చే. ఆ డబ్బులో ఎక్కువ భాగం పన్నులదే.

పన్నులు రెండు రకాలు: ఆదాయం మీద నేరుగా కట్టేది ప్రత్యక్ష పన్ను, వస్తువు ధరలో కలిసి వచ్చేది పరోక్ష పన్ను. ఒంటి సబ్బు మీద 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అంటే 40 రూపాయల సబ్బులో దాదాపు 2 రూపాయలు పన్ను. వాడరేవులో వల లాగే కూలీ కొన్నా అంతే, కోటీశ్వరుడు కొన్నా అంతే. కాబట్టి పేదవాళ్ళు పన్ను కట్టరు అనే మాట తప్పు.

చీరాల చెప్పే పాఠం

వాడరేవు పక్కనే చీరాల. 1919లో ఆంగ్ల ప్రభుత్వం చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసింది. ఏడాదికి 4 వేలున్న పన్ను సుమారు 40 వేలకు పెరిగింది. అక్కడ నేతపనివాళ్ళే ఎక్కువ, ఎక్కడ తెస్తారు? 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో వేలమంది ఇళ్ళు వదిలి, రామనగర్‌లో పాకలు వేసుకుని దాదాపు 11 నెలలు ఉన్నారు. మోయగలిగినవాడి మీదే బరువు పెట్టాలని నాకు దీనివల్ల అర్థమైంది.

సంపద పన్ను

మన దేశంలో 1957లో సంపద పన్ను వచ్చింది. 2015 బడ్జెట్‌లో అరుణ్ జైట్లీ గారు దాన్ని తీసేశారు. 2013-14లో వచ్చింది 1,008 కోట్లే, వసూలు ఖర్చు మాత్రం ఎక్కువ అన్నారు. బదులుగా కోటి రూపాయలు దాటిన ఆదాయం మీద సర్‌ఛార్జి 2 శాతం పెంచారు.

2024లో గాబ్రియేల్ జుక్మన్ అనే ఆర్థికవేత్త జీ-20 దేశాలకు ఒక లెక్క చెప్పాడు. వంద కోట్ల డాలర్లు దాటిన ఆస్తిపరులు ప్రపంచంలో సుమారు 3 వేలమంది. వాళ్ళు ఏటా ఆస్తిలో కనీసం 2 శాతం పన్ను కడితే 20 వేల నుంచి 25 వేల కోట్ల డాలర్లు వస్తాయట.

వద్దనేవాళ్ళ మాట కూడా వినాలి. పన్ను పెరిగితే ధనవంతులు డబ్బు వేరే దేశానికి తరలిస్తారు, ఇక్కడ పనులు తగ్గుతాయి అంటారు. ఇది కొట్టిపారేసే మాట కాదు. అందుకే దేశాలన్నీ కలిసి వేయాలి, అప్పుడు దాచుకునే చోటు ఉండదు అని జుక్మన్ జవాబు. నాకు ఇదే సబబుగా తోస్తోంది.

వసూలుతో సరిపోదు

వచ్చిన డబ్బు చేరాల్సిన చోటికి చేరాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం అందుకే చేశారు. ప్రణాళిక నిధుల్లో జనాభాను బట్టి వాటా కేటాయించాలి, అది పక్కదారి పట్టకూడదు అని దాని ఉద్దేశం. యానాది, ఎరుకల పిల్లలమైన మనకు ఆ వాటా దానం కాదు, హక్కు. మన అమ్మానాన్నలు కొన్న సబ్బులోనూ దానికి కట్టిన పన్ను ఉంది.

మిత్రులారా, మీరేమంటారు? వార్డెన్ గారూ, మీరు కూడా కింద ఖాళీ చోట మీ అభిప్రాయం రాయండి.