తల లేని జంతువును నమ్మడమెలా?

సహజా,

హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరాన్ని చూసి, "తల నిజంది కాదట, మరి మిగతాది మాత్రం ఎలా నమ్మాలి?" అని రాశావు. అడగాల్సిన ప్రశ్నే అడిగావమ్మా.

తల ఊహించి చేసిందే. 1970ల చివర్లో యామన్‌పల్లి దగ్గర 'కోట' అనే పేరున్న శిలాస్తరాల్లో జియలాజికల్ సర్వే వాళ్లకు 840 దాకా ఎముకలు, ఎముకల ముక్కలు దొరికాయి. తలకు సంబంధించి రెండు పళ్లే మిగిలాయి. సారోపాడ్లనే ఈ వర్గం డైనోసార్ల పుర్రె పలచటి ఎముకలతో, వదులు అతుకులతో ఉంటుంది. కండ కుళ్లగానే విడిపోతుంది, నీటి ఒరవడికి కొట్టుకుపోతుంది. బరువైన కాలి ఎముకలు మాత్రం ఇసుకలో కూరుకుపోయి నిలుస్తాయి.

ఆ ఎముకలన్నీ ఒక్క జంతువువీ కావు. కనీసం 12 జంతువులవి. కుప్పగా దొరికినప్పుడు లెక్క తేల్చే పద్ధతి ఒకటుంది: ఒకే పక్కదైన ఒకే ఎముక ఎన్నిసార్లు కనిపిస్తే, కనీసం అన్ని ప్రాణులు అక్కడ ఉన్నట్టు. నువ్వూ ఇది నేర్చుకో, ఎప్పటికైనా పనికొస్తుంది.

ఇక తొడ ఎముక దగ్గరికి రా. నాకు ఆ అస్థిపంజరం మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైనది అదే. ఈ జంతువుల పూర్వీకులు చిన్నవి, రెండు కాళ్ల మీద పరుగెత్తేవి. వాటి తొడ ఎముక కాస్త వంపు తిరిగి ఉండేది. కోటసారస్‌ది నిటారుగా ఉంటుంది. అడ్డంగా కోస్తే కోలగా కనిపిస్తుంది. అంటే నాలుగు కాళ్ల మీద నిలబడి, దేహం బరువంతా స్తంభాల మీద మోపినట్టు మోసిందన్నమాట. అయితే అదే ఎముక పై భాగంలో, కండరం అతుక్కునే చిన్న గట్టు ఒకటి ఇంకా మిగిలి ఉంది. అది పూర్వీకులది; తర్వాతి సారోపాడ్లలో కనుమరుగైంది. ఒకే ఎముకలో కొత్త నడకా ఉంది, పాత గుర్తూ ఉంది. శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో దీన్ని సారోపాడ్లలో తొలినాటిదిగా వర్ణించింది ఇలాంటి లక్షణాలు చూసే.

అందుకే "ఇది పాత జంతువా, కొత్త జంతువా?" అని మొత్తంగా అడగకు. ఎముక ఎముకనీ విడిగా అడుగు. పరిణామం శరీరమంతటినీ ఒక్కసారిగా మార్చదు. కాలు ముందు మారవచ్చు, తుంటి వెనకబడవచ్చు. కోటసారస్ తుంటి ఎముక పొట్టిగా, పాత తీరులోనే ఉంది. చేపల నుంచి నాలుగు కాళ్ల జంతువులు వచ్చిన కథలోనూ ఇంతే. కెనడా ఉత్తర కొసన 2004లో దొరికిన టిక్టాలిక్‌కు పొలుసులూ మొప్పలూ ఉన్నాయి, మెడ మాత్రం తిరుగుతుంది, రెక్కలో మణికట్టు ఎముకలున్నాయి.

ఇంకొకటి చూడాలి నువ్వు. అవే కోట శిలల్లో, పోచంపల్లి దగ్గర బయటపడిన మరో సారోపాడ్ బారపాసారస్ కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. దానికీ పుర్రె దొరకలేదు, కొన్ని పళ్లే దొరికాయి. దాని వెన్నుపూసలను పక్కనుంచి చూడు. ఎముక లోపలికి తొలుచుకుపోయిన గుంటలు కనిపిస్తాయి, బరువు తగ్గే ఏర్పాటు అది. తర్వాతి భారీ సారోపాడ్లలో అవి ఇంకా లోతవుతాయి. రెండు జంతువుల తొడ ఎముకలూ వెన్నుపూసలూ పక్కపక్కన గీసి, ఏది పాత లక్షణమో ఏది కొత్తదో రెండు రంగుల్లో గుర్తుపెట్టి నాకు పంపు. తలలు మాత్రం గీయకు, ఖాళీగా వదిలెయ్.

నీ తాతయ్య