గురక పెట్టే మనిషికి గురక వినపడదు

పొద్దంతా కష్టపడ్డ మనిషి గురక పెడితే "మంచి నిద్రలో ఉన్నాడు" అనుకుంటాం. కానీ అన్ని గురకలూ మంచి నిద్ర కాదు. కొన్ని గురకలు జబ్బుకు గుర్తు. బండి నడిపే మనిషికి ఆ జబ్బు ఉంటే రోడ్డు మీద పోయేవాళ్లకు కూడా ప్రమాదమే.

హైదరాబాద్ పాతబస్తీలో ఎన్నో కుటుంబాలు ఆటో మీద బతుకుతున్నాయి. కొన్ని ఆటోలు తెల్లవారకముందే మీరాలం మండీకి పోతాయి. కొన్ని బడి పిల్లలను ఎక్కించుకుంటాయి. కొన్ని చార్మినార్ నుంచి శాలిబండ, ఫలక్‌నుమా వైపు తిరుగుతాయి. నడిపే మనిషికి కునుకు పడితే ఏమవుతుంది?

జబ్బు ఏమిటి?

నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. నాలుక వెనక్కి జారుతుంది. గాలి పోయే దారి ఇరుకవుతుంది. అప్పుడే గురక వస్తుంది. కొందరికి ఆ దారి పూర్తిగా మూసుకుపోతుంది. నల్లా పైపును కాలితో తొక్కితే నీళ్లు ఆగుతాయి కదా! అట్లనే గాలి ఆగిపోతుంది. పది సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అప్పుడు మెదడు ఉలిక్కిపడి మనిషిని కొద్దిగా లేపుతుంది. అతను గుర్రుమని ఊపిరి పీల్చి, మళ్లీ నిద్రపోతాడు.

గంటకు 5 సార్లకన్నా ఎక్కువ ఇట్లా అయితే, పగలు నిద్రమత్తు కూడా ఉంటే, అది జబ్బే. 30 సార్లు దాటితే జబ్బు ముదిరినట్లు. డాక్టర్లు దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు.

తెల్లారి లేచాక అతనికి ఏదీ గుర్తుండదు. "రాత్రి మంచిగనే పడుకున్న" అంటాడు. కానీ తలనొప్పి, నోరు ఎండిపోవడం, చిరాకు, పగలు కునికిపాట్లు ఉంటాయి. బీపీ పెరుగుతుంది. గుండెకూ చేటు.

మెడ లావుగా, బరువు ఎక్కువగా ఉన్నవారికి ఇది ఎక్కువ. సన్నగా ఉన్నవారికీ రావచ్చు. ఆడవాళ్లకూ వస్తుంది, ముఖ్యంగా ముట్లు ఆగిపోయాక.

లెక్క చూద్దాం

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే ఆటో ఒక్క సెకనులో 11 మీటర్లు పోతుంది. 3 సెకన్లు కన్ను మూతపడితే?

11 × 3 = 33 మీటర్లు.

అంటే సుమారు మూడు సిటీ బస్సుల పొడవు. అంత దూరం బండి కళ్లు లేకుండా పోయినట్లే! చాయ్ తాగినా, ముఖం కడిగినా నిద్ర ఆగేది కాసేపే. జబ్బు పోదు.

ఇల్లాలే సాక్షి

ఊపిరి ఆగడం చూసేది పక్కన పడుకున్న ఇల్లాలు. ఆమె మాట డాక్టర్‌కు ఎంతో అవసరం. అక్కలారా, మీకు ఇప్పుడు రాయడం వచ్చు. నాలుగు రాత్రులు చూసి కాగితం మీద రాయండి:

1. గురక మధ్యలో ఊపిరి ఆగిందా? ఎన్నిసార్లు?
2. ఉక్కిరిబిక్కిరై లేచాడా?
3. పగలు కూర్చున్నచోటే నిద్రపోయాడా?
4. బండి మీద కునుకు పడిందా?

ఆ కాగితం తీసుకుని కోఠిలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రికి గానీ, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి గానీ పోవాలి. నిద్ర పరీక్ష ఎక్కడ చేయించాలో డాక్టర్ చెబుతారు.

మందు ఏమిటి?

బరువు తగ్గాలి. కల్లు, సారా, బీడీ మానాలి. డాక్టర్‌ను అడగకుండా నిద్రమాత్రలు వేసుకోవద్దు. వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోవాలి. బనీను వెనక చిన్న సంచి కుట్టి, అందులో రబ్బరు బంతి పెడితే వెల్లకిలా తిరగలేరు.

జబ్బు ఎక్కువగా ఉంటే సీపాప్ అనే యంత్రం వాడాలి. 1981లో ఆస్ట్రేలియా డాక్టర్ కాలిన్ సలివాన్ దీన్ని లోకానికి తెలిపాడు. ఇది ముక్కుకు తొడిగే మాస్కు ద్వారా గాలిని పంపి గొంతు దారి మూసుకోకుండా ఉంచుతుంది. ఖరీదు వేల రూపాయలు. రోజూ రాత్రి పెట్టుకోవాలి. మానేస్తే జబ్బు మళ్లీ మొదలు.

బండి సంగతి

"బండి ఆపితే పొయ్యి ఎట్లా వెలుగుతది?" అని మగవారు అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్నే. కానీ బండి ఎల్లకాలం ఆపమని కాదు. నిద్రమత్తు పోయేదాకా ఆపాలి. అందాకా ఆటోను అన్నదమ్ములకో, నమ్మకమైన మరొకరికో ఇవ్వవచ్చు. బ్రిటన్‌లో ఇట్లాంటి డ్రైవర్లు జబ్బు సంగతి లైసెన్సు ఆఫీసుకు చెప్పాలి. జబ్బు అదుపులోకి వచ్చాక మళ్లీ నడుపుతారు.

మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం ఉంది. అందులోని 186వ సెక్షన్ ప్రకారం, తన జబ్బు వల్ల ఇతరులకు ప్రమాదమని తెలిసీ బండి నడిపితే నేరం. జుర్మానా కట్టాలి. పోయిన ప్రాణానికి మాత్రం ఏ జుర్మానా సరిపోదు.

ఆలోచించండి, చెప్పండి

1. ఊపిరి ఆగిన సంగతి గురక పెట్టే మనిషికి ఎందుకు తెలియదు?
2. 5 సెకన్లు కునుకు పడితే ఆటో ఎన్ని మీటర్లు పోతుంది?
3. మీ ఇంట్లో బండి నడిపేవారికి ఈ సంగతి ఎట్లా చెబుతారు?