ఫ్యాన్సీ డ్రెస్‌తో సరిపోదు టీచరమ్మా!

పొద్దున్న విశాఖ గాజువాక ఆటోనగర్‌లో షెడ్ల షట్టర్లు లేచే వేళ టీ బడ్డీ దగ్గర నిలబడితే తెలుగుతో పాటు ఒడియా, హిందీ, బెంగాలీ, భోజ్‌పురి చెవినపడతాయి. ఉక్కు ఫ్యాక్టరీనీ పోర్టునీ నమ్ముకుని వెల్డింగ్‌కో ఫ్యాబ్రికేషన్‌కో వచ్చినవాళ్లు వీళ్లంతా. కుటుంబంతో వచ్చినవాళ్ల చంటిపిల్లలు అంగన్‌వాడీకో, సందు చివరి ప్లేస్కూలుకో వెళ్తారు. ప్రీస్కూల్ టీచరు కావాలనుకునేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఈ పిల్లల గురించే.

చాలా చోట్ల భిన్నత్వమంటే ఆగస్టు 15న ఒకడికి పంజాబీ తలపాగా చుట్టి, ఒక పిల్లకి కేరళ చీర కట్టి ఫొటో తీయడమే. ఫొటో బాగానే వస్తుంది. ఒడిశాలోని గంజాం నుంచి వచ్చిన మూడేళ్ల పాపకు మాత్రం దాహమేస్తోందని ఎలా చెప్పాలో మర్నాడు కూడా తెలియదు.

కొత్త భాషలో పడ్డ పిల్లలు కొన్ని వారాలు నోరు విప్పకపోవడం మామూలే. మొద్దు అని ముద్ర వేయకండి. నీళ్లు, ఆకలి, నొప్పి, బాత్రూం, అమ్మ వస్తుంది... ఈ నాలుగైదు మాటలు వాళ్ల భాషలో నేర్చుకోండి. తల్లి పాడే జోలపాట ఆమె ఫోనులోనే రికార్డు చేయించి తరగతిలో వినిపించండి. పేరు ఇంట్లో ఎలా పిలుస్తారో అలాగే పిలవండి. భోజనం దగ్గర గుడ్డు పెడితే కొందరు తీసుకోరు. అది వాళ్లింటి ఆచారం కావచ్చు, పేచీ అనుకుని బలవంతం చేస్తే మర్నాడు బడికే రారు.

పండగలకు క్యాలెండరు ముందేసుకు కూర్చోండి. మన బడులు తెరిచే జూన్ మధ్యలోనే ఒడియావాళ్ల రొజొ పండగ, ఉయ్యాలలూగే పండగ. తాడు ఉయ్యాల ఒకటి కడితే కొత్త పాపకు ఆ రోజు బడి తనదే అనిపిస్తుంది. భోగికి రేగుపళ్లు పోసేటప్పుడు బిహారీ పిల్లాణ్నీ పీట మీద కూర్చోబెట్టండి, ఛఠ్ పండగ తర్వాత వాళ్లమ్మ చేసిన ఠేకువా మిఠాయి అందరికీ పంచండి. తల్లిదండ్రులను ముందు అడగడం మరవద్దు.

పిల్లల ఇంటి భాషను బడిలోకి తేవడం కొత్త ఆలోచనేం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలోనే కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతులు మొదలుపెట్టారు. 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా చిన్నపిల్లలకు ఇంటి భాషలోనే చెప్పమంటోంది. ఆటోనగర్ లాంటి చోట ఒకే గదిలో నాలుగు ఇంటి భాషలుంటాయి, చిక్కంతా అక్కడే. దాన్ని సంబాళించగల టీచరుకు గిరాకీ ఉంటుంది.

ఇక చదువు సంగతి. ఇంటర్‌లో 50 శాతం మార్కులుంటే జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) గుర్తింపున్న రెండేళ్ల ప్రీస్కూల్ విద్యా డిప్లొమా (డీపీఎస్‌ఈ) చేయొచ్చు. ఉద్యోగం చేసుకుంటూ చదవాలంటే ఇగ్నో దూరవిద్య డిప్లొమా ఉంది, విశాఖలో దాని ప్రాంతీయ కేంద్రమూ ఉంది. ఆరు నెలల నర్సరీ టీచర్ ట్రైనింగ్ (ఎన్‌టీటీ) అంటూ గోడలనిండా కనిపించే పోస్టర్లను నమ్మి ఫీజు కట్టేముందు గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. అంగన్‌వాడీ కార్యకర్త పోస్టుకైతే పదో తరగతి పాసై, ఆ ఊళ్లోనే కాపురముంటున్న వివాహితలు అర్హులు. నెలకిచ్చే గౌరవ వేతనం 2019లో 11,500 రూపాయలు చేశారు. జీతం పెంచాలని 2023 డిసెంబరులో కార్యకర్తలు సమ్మెకు దిగారు కూడా. చిన్న ప్రైవేటు ప్లేస్కూళ్లలోనూ మొదట్లో పెద్దగా రాదు. ఇంటి అద్దె లెక్కలన్నీ చూసుకునే దిగండి.

ఇంటర్వ్యూలో డెమో క్లాసు అడుగుతారు. అందరూ చెప్పే రైమ్ పక్కనబెట్టి, మాటలు అక్కర్లేని కథ ఒకటి బొమ్మలతో చెప్పండి. తెలుగు రాని పిల్లాడు కూడా ఎక్కడ నవ్వుతాడో ఇంటిదగ్గరే పక్కింటి పిల్లల మీద పరీక్షించి మరీ వెళ్లండి. లెక్కలు చెప్పడానికి పక్క షెడ్డులోంచి నట్లూ బోల్టులూ మాత్రం తేవద్దు. మూడేళ్లవాళ్లు మింగేస్తారు.