వాన ముందు యూరియా వద్దు: పొలం సారం సముద్రం పాలవుతోంది

వరినాట్లు ముగిసిన చోట ఇది మొదటి పైపాటు యూరియాకు అదను. పినపాక, ఏడూళ్ల బయ్యారం, మణుగూరు వైపు చాలామంది రైతులు మబ్బు పట్టగానే బస్తా విప్పుతారు. వాన పడితే ఎరువు కరిగి వేరుకు చేరుతుందని వాళ్ల నమ్మకం. కరిగే మాట నిజమే, వేరుకు చేరడమే జరగదు. గట్టి వానకు మడి నిండి, మడవ తెగిందంటే చల్లిన యూరియాలో చాలావరకు ఆ పూటే వాగులో పడుతుంది. వాగు గోదావరిలో, గోదావరి భద్రాచలం, పోలవరం, ధవళేశ్వరం దాటి బంగాళాఖాతంలో కలుస్తాయి.

మడిలో వరిని పెంచే నత్రజని, భాస్వరమే నీళ్లలో నాచును పెంచుతాయి. దీన్ని చూడటానికి సముద్రం దాకా పోనక్కర్లేదు. నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా మారిన ఊరి చెరువు దగ్గరికి, రెండు మూడు రోజులుగా మబ్బు పట్టి ఉన్నప్పుడు, తెల్లవారుజామున వెళ్లి చూడండి. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉంటాయి. పగటి ఎండలో నాచు నీటికి ప్రాణవాయువు ఇస్తుంది, రాత్రి తిరిగి తానే పీల్చుకుంటుంది. చచ్చిన నాచు అడుక్కి చేరితే, దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మిగిలిన కాస్తా వాడేస్తాయి. లీటరు నీటిలో ప్రాణవాయువు 2 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చేపలు, రొయ్యలు నిలవలేవు. ఈదగలిగినవి పారిపోతాయి. అడుగు బురదలో బతికే నత్తలు, పురుగులు అక్కడే చస్తాయి.

సముద్రతీరాల్లో ఇలాంటి చోట్లను డెడ్ జోన్లు అంటున్నారు. 2008 నాటికే శాస్త్రవేత్తలు ప్రపంచంలో 400కు పైగా లెక్కపెట్టారు. అమెరికాలో మిసిసిపీ నది మొక్కజొన్న చేల ఎరువును మెక్సికో సింధుశాఖలోకి మోసుకుపోతుంది. అక్కడ 2017 వేసవిలో ప్రాణవాయువు కరువైన ప్రాంతం 22,000 చదరపు కిలోమీటర్లు దాటింది. అంటే మన పాత ఖమ్మం జిల్లా కంటే పెద్దది. ఆ చేలు వేసిన రైతుల్లో చాలామందికి సముద్రం చాలా దూరం, మనకు లాగే.

బంగాళాఖాతం సంగతి కొంచెం వేరు. గోదావరి, కృష్ణ, గంగ, బ్రహ్మపుత్ర తెచ్చే మంచినీరు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద పొరలా పరుచుకుంటుంది. పైనున్న గాలి లోతుకు దిగదు. అందుకే లోతు నీళ్లలో ప్రాణవాయువు సహజంగానే తక్కువ. అలాంటి మేర దాదాపు 60,000 చదరపు కిలోమీటర్లు ఉంటుందని, అక్కడ అతి కొద్ది ప్రాణవాయువు మాత్రమే మిగిలి ఉందని గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, డెన్మార్క్, జర్మనీ శాస్త్రవేత్తలతో కలిసి 2016లో తేల్చింది. ఆ లోటు మన ఎరువు తెచ్చింది కాదు. కానీ అంచున నిలిచిన సముద్రం మీదికి ఇంకా నత్రజని తోయడం ప్రమాదం. వరదకాలంలో సముద్రం నుంచి గోదావరికి ఎదురీదే పులస చేప దాటాల్సింది ఈ ఎరువు నీళ్లు కలిసే నదీముఖాన్నే.

ఇక మన మడి సంగతి. వానాకాలం వరికి ఎకరాకు 48 కిలోల నత్రజని మించక్కర్లేదు. దమ్ములో ఒక బస్తా డీఏపీ వేస్తే 9 కిలోల నత్రజని, పంటకు సరిపడా భాస్వరం అందినట్టే. మిగిలిన 39 కిలోలకు 85 కిలోల యూరియా చాలు. 45 కిలోల బస్తాలు రెండు కూడా పూర్తిగా పట్టవు. పక్క మడి నల్లగా కనిపిస్తోందని మూడో బస్తా వేసేవారు దోమపోటును, మెడవిరుపును కొని తెచ్చుకుంటున్నారు.

ఆ యూరియానైనా ఒక్కసారే వేయకండి. దుబ్బు చేసే దశలో కొంత, అంకురం దశలో కొంత వేయండి. మడిలో నీళ్లు తీసేసి బురద పదునులో చల్లాలి. మడవ కట్టేసి, ఒకటిన్నర రోజు నుంచి రెండు రోజులు ఆగి పలుచగా నీళ్లు పెట్టాలి. 50 కిలోల యూరియాకు 10 కిలోల వేపపిండి కలిపి రెండు రోజులు ఉంచి చల్లితే నత్రజని నెమ్మదిగా విడుదలవుతుంది. పైపాటుగా 20-20, 28-28 లాంటి కాంప్లెక్స్ ఎరువులు వేసే అలవాటు మానాలి. భాస్వరం దమ్ములో వేస్తేనే వరికి పనికొస్తుంది, తర్వాత పైన చల్లింది మట్టితో పాటు కొట్టుకుపోతుంది. ఇది డబ్బు దండగ అని గట్టిగానే చెప్పాలి.

గోదావరి ఒడ్డు భూముల వారికి ఇంకో మాట. భద్రాచలంలో నీటిమట్టం 43 అడుగులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక వస్తే బస్తా ముట్టకండి. వరద పోటుకు వాగులు ఎదురెక్కి చేలలోకి వస్తాయి. 2022 జూలైలో నీళ్లు 71 అడుగులు దాటిన సంగతి మీకు తెలుసు. నీరు తీసి, కొత్త ఆకు కనిపించాకే ఎరువు. మిర్చి, పత్తి వేసే వారు యూరియా పైన చల్లకుండా మొక్కకు జానెడు లోపు గుంత తీసి, వేసి, మన్ను కప్పాలి. పోడు వాలు భూముల్లో వాలుకు అడ్డంగా దున్నాలి, వాగు పక్కన నాలుగు బారల మేర గడ్డిని దున్నకుండా వదలాలి. వాగు గట్టున ఉన్న పెంటకుప్పను మెరకకు మార్చండి.

వచ్చే ఏడు నాట్లకు ముందు జీలుగ లేదా జనుము వేసి పూతదశలో కలియదున్నితే యూరియా ఖర్చు కొంత తగ్గుతుంది. ఈ వారానికి మాత్రం వాతావరణ సూచన విని, రెండు రోజులు గట్టి వాన లేదంటేనే బస్తా విప్పండి. అనుమానం ఉంటే మీ క్లస్టర్ వ్యవసాయ విస్తరణ అధికారిని అడగండి.